ముగ్గు పడని రోజు

మొన్న నా మనవరాలు ఫోన్‌లో ఒక ఫొటో పంపింది. తెల్ల కాగితం మీద గుండ్రంగా రంగు గీతలు, పక్కన దాని వేళ్లకంటిన నీలం రంగు. వాళ్ల యూనివర్సిటీలో మనసు బాగోలేని పిల్లల్ని వారానికోసారి కూర్చోబెట్టి బొమ్మలు వేయిస్తారట. ఆర్ట్ థెరపీ అంటారట దాన్ని. మార్కులుండవు, బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనరు, ఏమైనా చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోవచ్చు, లేకపోతే లేదు. ఎలా ఉందే అని అడిగాను. నేను తెలుగులో ఏమడిగినా హిందీలోనే జవాబిచ్చే పిల్ల అది. "హల్కా లగ్తా హై, నానీ" అంది. తేలిగ్గా ఉందట. సంతోషించాల్సింది పోయి నాకు ఎక్కడలేని నీరసం ముంచుకొచ్చింది. దాని వయసులో నేను ముసుగుతన్ని పడుకున్న రోజులు గుర్తొచ్చాయి.

డెబ్భైల చివరి మాట. అప్పుడు మాది హిందీ మాట్లాడే చోట ఒక ఉక్కు కర్మాగారం ఊరు, అందులో బాగ్‌బేరాలో రైల్వే క్వార్టరు. నాన్న యార్డులో ఫిట్టరు. ఒకే గోడకి అతుక్కున్న పన్నెండు ఇళ్ల వరసని లైను అనేవాళ్లం. అందులో సగానికి పైగా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. ఆ లైన్లో కాలేజీ మొహం చూసిన మొదటి ఆడపిల్లని నేను. గర్వం నాన్నకుండాలి గానీ, ఆయన కంటే లైనే ఎక్కువ గర్వపడి నా ప్రాణం తీసేది. ఎవరింటికి ఉత్తరమొచ్చినా నేనే చదవాలి, ఎవరి పిల్లలు చదవకపోయినా నన్ను చూపించి తిట్టేవాళ్లు. బి.ఎస్సీ. రెండో ఏడాది పరీక్షలు మార్చిలో అన్నారు. చదివాను. వాయిదా పడ్డాయి. జూన్ అన్నారు. మళ్లీ మొదటి పేజీ నుంచి చదివాను, మళ్లీ వాయిదా. ఆ రోజుల్లో అక్కడ పరీక్షలకి అదొక అలవాటు. రెండేళ్ల చదువు నాలుగేళ్లు సాగినా ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. మూడోసారి ఇచ్చిన తేదీ కూడా పోయిందని కాలేజీ గేటుకంటించిన కాగితం చూసి, సాక్చిలో ఆటో ఎక్కి ఇంటికొచ్చి పడుకున్నాను. కోపం లేదు, ఏడుపు రాలేదు. అలసట, అంతే. మర్నాటి నుంచి పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి గానీ తలకెక్కేవి కావు. అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయేదాన్ని. అమ్మ దిష్టి తీసింది. నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన రక్తం తక్కువని టానిక్ రాశాడు.

మా ఇంట్లో వాకిలి పని నాది. అమ్మ తెల్లవారుతూనే బొగ్గుల కుంపటి రాజేసి నాన్న కారియర్ సంగతి చూసుకునేది, నేను కళ్లాపి జల్లి ముగ్గు పెట్టేదాన్ని. ఆవిరింజన్ల మసికి అది పది గంటలకల్లా బూడిదరంగుకి తిరిగేది, అది వేరే సంగతి. ఆ పడకలో కూడా ఎలాగో లేచి రెండు గీతలు గీకి వచ్చి పడుకునేదాన్ని. ఒకరోజు అది కూడా చేతకాలేదు. నాన్నకి ఆ రోజు సెలవు, అమ్మ కాస్త ఆలస్యంగా లేచింది. నేను వేసే ఉంటానని ఆవిడ తలుపు కూడా తియ్యలేదు. అంతకుముందు సాయంత్రమే మాకొక టెలిగ్రాం వచ్చింది. మా మావయ్యకి ఖుర్దా రోడ్డుకి బదిలీ అయిందని. కానీ టెలిగ్రాం వచ్చిందని లైనుకి తెలుసు, ఏముందో తెలియదు. పొద్దున్నే చూస్తే మూసిన తలుపు, కళ్లాపి లేదు, ముగ్గు లేదు. చావు జరిగిన ఇంటి ముందే కదా ముగ్గు పడనిది. ఇంకేముంది, ఎవరి పొయ్యీ వెలగలేదు.

ముందు వచ్చింది పక్కింటి అత్త. మాకేమీ చుట్టం కాదు, యార్డులో ఇంజన్లు అటూఇటూ మార్చే షంటర్ గారి భార్య, అమ్మకి వదిన వరస కలిపాం. పొడుగ్గా, బక్కగా, నోరు పెద్ద. ఆవిడ వెనకాల ఆరుగురు ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని. "ఓలమ్మో, ఎవులు పోనారమ్మా!" అని శోకం పెడుతూ తలుపు తోసేసరికి, ఎదురుగా మా నాన్న సగం మొహానికి సబ్బు నురగతో అద్దం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి ఆవిడ రాగం సగంలో ఆపింది. ఊళ్లో మా నాయనమ్మ పేరు చెప్పి ఏడవడానికి సిద్ధపడి వచ్చిన ఇంకొకావిడ, బతికే ఉందని తెలిసి కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. అప్పటికే షంటర్ మావయ్య డ్యూటీకి వెళ్తూ యార్డులో కబురు చెప్పేశాడు. మర్నాడు నాన్న పనికెళ్తే ఫోర్‌మన్ భుజం మీద చెయ్యేసి, క్రియాకర్మలు అయిపోయాయా, అప్పుడే ఎందుకొచ్చావు అన్నాడట. నాన్న పరువు పోయిందన్నాడు గానీ, చెప్తూ చెప్తూ తనే నవ్వాడు.

ఆ పొద్దున అందరూ నవ్వుకుంటూ వెళ్లిపోయారు. అత్త వెళ్లలేదు. లోపలికొచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుంది. "నీ సదువు సంగతి నాకు తెల్దు గుంటా. నువ్వు ముగ్గెయ్యనేదని లైనంతా ఏడిసింది. రేపు ఏత్తావా, మళ్లీ ఏడవమంటావా?" అంది.

మర్నాడు లేచాను. ఆవిడకి భయపడే లేచాను. నాలుగు చుక్కలు పెట్టి చతికిలబడితే, వచ్చి నాకెదురుగా కూర్చుని అటు చివర నుంచి చుక్కలు పెట్టింది. పదిహేను చుక్కలు, సందు చుక్క ఎనిమిది దాకా. నన్ను కలపమంది. అలా రోజూ. జుగ్సలాయి బజారులో కొన్న ముగ్గుపిండి సగం నా డబ్బాలోకి ఒంపేది. ఎందుకలా ఉన్నావని ఒక్కసారి కూడా అడగలేదు. అంత నోరున్న మనిషి వాకిట్లో మాత్రం నోరెత్తేది కాదు. పదో రోజో, పన్నెండో రోజో, తలెత్తకుండా గీత లాగుతూ నేనే అన్నాను, నాకు బతకాలని లేదత్తా అని. అన్నాక గానీ ఏమన్నానో నాకే వినపడలేదు, గీత పక్కకి పోయింది. ఆవిడ ఓదార్చలేదు. "ఆ గీత వొంకరపోయింది, సెరిపెయ్యి" అంది. చెరిపాను. ముగ్గు పూర్తయ్యాక చెయ్యి దులుపుకుంటూ, "నాను రేపూ వత్తాను. నువ్వు రావాలి మరి. రాకపోతే లోపలికొచ్చి రెక్క పట్టుకుని ఈడుస్తాను" అంది. ఆ సాయంత్రం అమ్మతో కూడా ఏదో చెప్పినట్టుంది. చాలా రోజులు అమ్మ నా పక్కనే పడుకుంది.

ఏ అద్భుతమూ జరగలేదు. మెల్లగా ఆకలి తెలిసింది. ఒకరోజు పుస్తకంలో ఒక పేజీ తలకెక్కింది, మర్నాడు రెండు. నాలుగోసారి ఇచ్చిన పరీక్ష తేదీ నిలబడింది. హాలుకి వెళ్తానా, గేటు దగ్గర నుంచి తిరిగొచ్చేస్తానా అని అమ్మానాన్నల కంటే నాకే ఎక్కువ అనుమానం. అత్త నాతో ఆటో ఎక్కింది. లోపలికి వెళ్లేదాకా నా మణికట్టు వదల్లేదు. మూడు గంటలు ఎండలో గోడవార కూర్చుంది. బయటికొస్తే ఎలా రాశావని అడగలేదు, "ఆకలేత్తందా?" అంది. ఇద్దరం సాక్చి బజారులో కచోరీలు తిన్నాం. ఆకు దొప్ప పారేస్తూ, దారిన పోయే మాటలా అంది, "నాకూ ఓ యేడు నెగబుద్ది అవ్వనేదు గుంటా. అప్పుడు ఎవులూ రానేదు."

ఆ ఏడాది లేవబుద్ధి కానంతగా ఏమైందో, ఆవిడని ఎవరు లేపారో, అసలు ఎవరైనా లేపారో, ఒక్కతే లేచిందో, నేను అడగలేదు. పేపరు బాగా రాశానన్న సంబరంలో ఉన్నాను. ఇంకా మూడు పేపర్లున్నాయి, అవయ్యాక తీరిగ్గా అడుగుదామనుకున్నాను. ఆ చలికాలమే షంటర్ మావయ్యకి బదిలీ అయింది, నేను సెకండ్ క్లాసులో పాసైన సంగతి ఆవిడకి ఉత్తరంలోనే చేరింది. ఆ తర్వాత మేం మళ్లీ కలవలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఏ మాటైనా రేపు అడగొచ్చులే అనిపిస్తుంది. నాకు ఆ రేపు అయిపోయి నలభై ఏళ్లు దాటింది.