ఎర్ర నీళ్లకు ముందు కొన్న నావ

నావ మన ఒడ్డున కొనాలా, ఆవలి ఒడ్డున కొనాలా అని ఒక ఎండాకాలమంతా నా తలలో తిరిగింది. ఆవలి ఒడ్డంటే వేరే రాష్ట్రం. మా రేవులో నిలబడితే ఎదురుగా కనబడేది మహారాష్ట్ర, నడుమ గోదావరి. ఆ ఒడ్డున కూడా సగం మంది మన మాటే మాట్లాడతారు. అయినా అక్కడి వస్తువు పరాయి వస్తువే.

అరవైతొమ్మిది నాటి తెలంగాణ లొల్లి సద్దుమణిగిన రెండు మూడేళ్లకు నా భర్త కామెర్లతో పోయాడు. ఆయన నడిపిన నావ అంతకుముందు వరదలోనే బండకు కొట్టుకుని అడుగు పగిలింది. బాగుచేద్దాం, బాగుచేద్దాం అంటూనే ఆయన మంచం పట్టాడు. ఆయన పోయాక దానికి చెదలు పట్టింది. మిగిలిన చెక్కలు నేనే పొయ్యిలో పెట్టాను.

మా రేవులో నావలకు వంతులు ఉండేవి. మిరుగం కార్తె వచ్చాక పైనుంచి మట్టి కలిసిన కొత్త వరద, మొదటి ఎర్ర నీళ్లు దిగుతాయి. ఆ రోజు ఏ నావ ఆవలి ఒడ్డు తాకి పొద్దుగూకే లోపల తిరిగొస్తుందో ఆ నావకే ఆ ఏడాది వంతు. తిరిగిరానిదానికి మళ్లీ ఏడాది దాకా రేవులో పని లేదు. వంతు ఉన్న ఇంటికే ఊళ్లోవాళ్లు మేర ఇచ్చేవాళ్లు. అంటే దాటించినప్పుడల్లా మేము పైసలు అడగం, పంట కోతకొచ్చాక కళ్లంలో గింజలు కొలిపించుకుంటాం. ఆ గింజలతోనే నేను, నా ఇద్దరు ఆడపిల్లలు బతకాలి. నావ నడపడం నాకు వచ్చు. నా గొంతు ఇట్లా బొంగురు పోయిందే ఆవలి ఒడ్డు వాళ్లను కేకేసి కేకేసి. నావను తోసే గెడ ఉంది, చేతులున్నాయి, నావ ఒక్కటే లేదు.

కొనిపెట్టడానికి మా అన్న వచ్చాడు, బచ్చన్నపేట దిక్కు నుంచి. మా పుట్టింటిది మెట్ట సేద్యం. చెరువు నిండిన ఏడాదిని మా పెద్దలు కథలాగా చెప్పుకునేవాళ్లు. అన్నకు నీళ్ల సంగతి తెలియదు, ఎడ్ల సంగతి తెలుసు. జనగామ అంగడిలో పళ్లు పట్టి చూసి, సుడులు చూసి, నడిపించి చూసి ఎద్దును కొనేవాడు. మంచిదని తెలిస్తే తొర్రూరు దాకా నడిచిపోయి తోలుకొచ్చేవాడు. సొంత ఊళ్లో మాత్రం ఎన్నడూ కొనలేదు. ఎందుకని అడిగితే నాకు విడమరిచి చెప్పాడు.

“ఊళ్లె కొన్న ఎద్దు తలుగు తెంపుకొని పాత కొట్టానికే పోతది చెల్లె. అమ్మినోడు రోజూ మన ముంగటనే తిరుగుతడు. గింతే మేపుతున్నవా, గట్ల కొడుతున్నవా అని రోజొక పంచాది. దూరం కొంటే ఏ లొల్లి ఉండది.”

నావకూ అదే లెక్క అనుకున్నాడు.

మా ఒడ్డున అమ్మకానికి ఉన్నది మా రేవులోని ముసలాయన నావ. నాకు మామ వరుస. కొడుకులు బొగ్గుబాయి పనికి పోయారు, ఆయనకు మోకాళ్లు పనిచేయడం లేదు. నావ ఎండంతా తాగుతూ ఇసుకలో బోర్లా పడి ఉంది. అన్న దాని కిందికి దూరి పైకి చూశాడు. పలకల సందుల్లోంచి ఆకాశం కనిపించింది.

“ఇది నావనా, జల్లెడనా మామా?” అన్నాడు.

ముసలాయనకు కోపం రాలేదు. “ఎండల పడితే నీ పెదవులు పగలవా? పదిహేను దినాలు నీళ్లల్ల ముంచి పెట్టు, చెక్క ఉబ్బి సందులన్నీ మూసుకుంటయి. ముక్కు కాడ ఎడమ పక్క పలక ఒక్కటి మాత్రం ఎంత నానినా కారుతది. ఆడ ఒక మనిషి కాలు పెట్టి కూసోవాలె. గాలి ఎదురైతే కుడికి తిరుగుతది. ముసలిదైంది, నా లెక్కనే.”

అన్న నన్ను పక్కకు తీసుకుపోయాడు. ఏ అంగడిలోనూ అమ్మేవాడు తన ఎద్దుకు తానే వంకలు పెట్టడు, ఇవి చెబుతున్నాడంటే చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయో అన్నాడు. నాకూ కొంచెం నిజమే అనిపించింది.

మర్నాడు ఆవలి ఒడ్డుకు పోయాం. ఆ నావ నీళ్లలోనే కట్టేసి ఉంది. డాంబరు పూసి నల్లగా మెరుస్తున్నది. లోపల చాప పరుచుకుని పడుకోవచ్చు, అంత పొడిగా ఉంది. అన్న మోకాళ్ల లోతు నీళ్లలో దాని చుట్టూ తిరిగి, ఎద్దు డొక్కను తట్టినట్టు పక్కను తట్టాడు. ఆయన మొహం వెలిగిపోయింది. ధర కూడా దాదాపు మా ముసలాయన చెప్పినంతే.

ఒకసారి గడ్డకు ఎక్కించమని, అడుగు చూస్తానని నేను అడిగాను. ఆ నావాయన మర్యాదస్థుడు, మాకు చాయ్ కూడా ఇప్పించాడు. మంచిగా నానిన నావను ఎండలో పెట్టి పగలగొట్టుకోమంటావా అక్కా అన్నాడు. అదీ న్యాయమే. డాంబరు కింద ఏ పలక ఎట్లా ఉందని అడిగాను.

“నాకెరుక లేదు అక్కా. నేనూ పై ఊరోళ్ల దగ్గర కొన్న. నా దగ్గర ఉన్నన్ని దినాలు ఏం కాలే.”

అబద్ధం చెప్పలేదు ఆయన. ఆ నావ చెడ్డదని ఇప్పటికీ నేను అనను. మంచిదే కావచ్చు. కానీ తిరిగి వస్తుంటే నడి గోదావరిలో నాకొక ఆలోచన వచ్చింది. ఏ నావైనా ఒకరోజు చెడుతుంది. ఆ ముసలాయన నావ చెడితే ఎక్కడ చెడుతుందో నాకు తెలుసు. ఈ నల్ల నావ ఎక్కడ చెడుతుందో అమ్మినవాడికే తెలియదు. నా పిల్లలను ఎక్కించుకుని అది నేను నీళ్ల మీద నేర్చుకోవాలి.

ముసలాయన నావే తీసుకుంటానని చెప్పాను. అన్న ఆ పూట అన్నం తినలేదు. నానేలోపల ఎర్ర నీళ్లు వస్తే వంతు పోతుంది కదా, నల్ల నావైతే ఇవ్వాళే తెచ్చి మన రేవులో కట్టుకోవచ్చు కదా అన్నాడు. కానీ తెల్లారి నావను లోతు తక్కువ ఉన్నచోట ముంచి, అందులో బండలు మోసి పెట్టింది ఆయనే. నేను రోజూ పొద్దున్నే నీళ్లలో దిగి సందులను వేళ్లతో తడిమి చూసేదాన్ని. రోజురోజుకూ వేలు లోపలికి పోవడం తగ్గింది.

ఇంకా కొన్ని సందులు మూసుకోకముందే ఒక తెల్లవారుజామున నీళ్ల రంగు మారింది. మిగతా నావలు ఎండ ముదరకముందే పోయి వచ్చేశాయి. ఆ నావలవాళ్లలో ఒకాయన ఒడ్డు మీంచి, “నీ నావ తానం ఇంకా కాలేదా వదినా?” అని అడిగాడు. నవ్వినవాళ్లు నవ్వారు. మేర ఇచ్చే ఇళ్ల ఆడవాళ్లు మాత్రం చీరలు దోపుకుని నాతోపాటు నీళ్లలో దిగి బండలు తీశారు. నావ లేచింది. అక్కడక్కడా చెమర్చింది. ముక్కు దగ్గర ఎడమ పలక మాత్రం, ఆయన చెప్పినట్టే, ధారగా కారింది.

ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఎక్కి, ఆ పలక మీద పాత గుడ్డ వేసి, దాని మీద కాలు అదిమిపెట్టి కూర్చున్నాడు.

“గెడ అందుకో బిడ్డా. గిది నా జాగ.”

అన్న కూడా ఎక్కాడు. ఈత రాని మనిషి, ఒక చేత్తో అంచు పట్టుకుని ఇంకో చేత్తో డబ్బాతో నీళ్లు తోడుతూనే ఉన్నాడు. నడుమకు పోయేసరికి ఎదురుగాలి కొట్టింది. నావ కుడికి తిరగబోయింది. అప్పటికే నా గెడ ఆ పక్క వేసి ఉంది. ఆవలి ఒడ్డున మా తాడు అందుకున్నది ఆ నల్ల నావ ఆయనే. కొబ్బరి చిప్పతో మాతోపాటు నాలుగు చిప్పల నీళ్లు తోడి పంపాడు. పొద్దు గుట్ట మీద ఉండగా మా రేవు తాకాం. వంతు నిలిచింది.

ఆ తర్వాత ముసలాయన రోజూ వచ్చి తన జాగాలో కూర్చునేవాడు. మెల్లగా తిప్పు, ఆ బండ జర చూసుకో, ఇవ్వాళ బరువెక్కువ ఎక్కించావు అంటూ దారంతా గులిగేవాడు. ఊరికి పోయేముందు అన్న అది చూసి చాలాసేపు నవ్వాడు.

“నేను చెప్పలేదా చెల్లె, ఊళ్లె కొనొద్దని? ఈడ ఎద్దు పాత కొట్టానికి పోలే. ఆసామే వచ్చి కొట్టంల కూసున్నడు.”

ఆ నావ నాకు పదేళ్లకు పైగా తిండి పెట్టింది. ముసలాయన అంతకు చాలా ముందే పోయాడు. ఆయన పోయిన తెల్లారి నా పెద్దబిడ్డను ఆ పలక దగ్గర కూర్చోబెట్టాను. కాలు ఎక్కడ పెట్టాలో దానికి చెప్పే పని పడలేదు. గుడ్డ తీస్తే అక్కడి చెక్క మడమ పట్టేంత గుంటగా అరిగి ఉంది.