చింతపండుతో తోమిన సంతకం

ఏళ్ల తరబడి ఈ మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. మా వారికి కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. అప్పుడే పాత జపాన్ కత్తుల పిచ్చి పట్టింది. ఇంటికొచ్చిన ఆడవాళ్లు కొత్త చీరలు చూపించమంటే కత్తి తీసి చూపించేదాన్ని. ఆ కత్తుల పిడి ఊడదీస్తే లోపలి ఇనుము మీద చేసినవాడి పేరు ఉలితో చెక్కి ఉంటుంది. పేరున్నవాళ్ల సంతకాలకు నకిలీలు కొల్లలు. ఏది అసలో తేల్చడమే ఈ సరదాలో పరీక్ష. భూతద్దం, పుస్తకాలు పెట్టుకుని ఏళ్లపాటు కుస్తీ పట్టాను. కొన్నవి రెండు.

వసంత మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండేది. ఇండియాలో బ్యాంకులో చేసింది. పెళ్లయ్యాక హెచ్-4 మీద వచ్చింది. ఆ వీసాతో ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికి లేదు. పొద్దుపోక నా వెంట కత్తుల షోలకు వచ్చేది. నోరారా అక్కా అని పిలిచేది. ఒకరోజు నా కత్తి మీది సంతకాన్ని పుస్తకంలో ఫోటోతో పోల్చి చూసి నిమిషంలో తేల్చేసింది.

"ఇది దొంగది అక్కా. మరీ అచ్చు గుద్దినట్టుంది. చెక్కుల మీద రోజూ చూసేదాన్ని కదా, అసలు మనిషి ఏ రెండుసార్లూ ఒకేలా పెట్టడు. భయపడి ఒకేలా పెట్టేది దొంగే."

జపాన్ అక్షరం ఒక్కటీ రాదు ఆమెకు. నేను నవ్వాను, లోపల కుంపటి రాజుకుంది. తర్వాత ఒక షోలో కత్తులు పరీక్షించే జడ్జీలూ ఆ మాటే అన్నారు.

కొన్నాళ్లకు పక్క ఊళ్లో ఎస్టేట్ సేల్‌లో, చనిపోయిన ఒక సైనికుడి సామాన్లలోంచి వసంత ఒక కత్తి తెచ్చుకుంది. అదే ఆమె మొదటి కత్తి. పిడి నేనే ఊడదీశాను. నల్లటి తుప్పు, అందులో సంతకం. చూడగానే నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. "అసలుదే అక్కా. ఈ దేశం వచ్చాక నేను చేసిన మొదటి పని ఇదే," అంది. ఆమె మొహంలో ఆ వెలుగు అంతకుముందు చూడలేదు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. చదివింది నేను, తిరిగింది నేను, దొరికింది తనకా? ఆమె సంతోషపడితే నా సొమ్మేం పోయింది?

జపాన్ నుంచి జడ్జీలు రాబోతున్న షోకు కాస్త ముందు దసరా వచ్చింది. వసంత ఫోన్ చేసింది.

"అక్కా, రేపు ఆయుధ పూజ కదా. పిడి తీసి లోపలంతా చింతపండుతో తోమి బొట్టు పెడదామనుకుంటున్నా. తుప్పు పోతే ఏం కాదుగా?"

ఆ తుప్పే సాక్ష్యం. ఉలిగాట్ల లోపల వందల ఏళ్లుగా పట్టిన తుప్పును చూసే సంతకం పాతదని చెబుతారు. అది పోతే, పేరు ఎప్పుడో చెక్కిందో నిన్న చెక్కిందో ఎవరూ తేల్చలేరు. ఈ సరదాలో అడుగుపెట్టినవాళ్లు మొదట నేర్చుకునేది తుప్పు ముట్టకూడదనే. నేను ఆమెకు అంతవరకూ చెప్పలేదు. మరిచానా, దాచుకున్నానా? ఇప్పటికీ తెలియదు. కానీ ఆ రోజు అన్న మాట మాత్రం తెలిసే అన్నాను.

"ఏం కాదు, శుభ్రంగా తోము. అక్షరాలు తేటగా ఉంటే జడ్జీలకీ సులువు."

"థాంక్స్ అక్కా. మీరు లేకపోతే నాకేం తెలుసు."

తిరిగి ఫోన్ చేసి వద్దని ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. ఫోన్ కౌంటర్ మీదే ఉంది. మర్నాడు పులిహోర కలుపుతున్నంతసేపూ దాన్ని చూస్తూనే ఉన్నాను.

షోలో ముసలి జడ్జి కత్తిని అటూ ఇటూ తిప్పాడు. సంతకం చుట్టూ ఇనుము కొత్త గరిటెలా మెరుస్తోంది. ఎవరు తోమారని పక్కనున్న దుబాసీ చేత అడిగించాడు. "నేనే," అంది వసంత. నా పేరు చెప్పలేదు. తుప్పు లేకుండా సంతకం తేల్చలేమని కత్తి తిరిగి ఇచ్చేశారు. ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. అది కూడా చెప్పకపోతే ఇదంతా రాసి ఏం లాభం?

తిరిగి వస్తుంటే కార్‌లో ఆమే నన్ను ఓదార్చింది. మీకు మాత్రం ఏం తెలుసక్కా, మనిద్దరం కొత్తవాళ్లమే కదా అంది. అప్పుడైనా నోరు విప్పానా? "పోనీలే, అది నకిలీదే అయ్యుంటుంది," అన్నాను.

చాలా ఏళ్లకు హెచ్-4 వాళ్లకు వర్క్ పర్మిట్లు వచ్చాయి. ఒక బ్యాంకులో దొంగ చెక్కులు పట్టే చోట ఖాళీ ఉంటే నేనే పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "వద్దక్కా, సంతకాల జోలికి పోను. నా చూపు నమ్మడానికి లేదని ఆ కత్తితోనే తెలిసిపోయిందిగా." డేకేర్‌లో చేరింది.

ఇప్పటికీ పండగలకు పిలుస్తుంది. వెళ్తాను, తింటాను, వచ్చేస్తాను. మిమ్మల్ని క్షమించమనడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. రాశాక గుండెల్లో బరువు కొంచెం సర్దుకుంది, అంతే. ఎక్కడో ఒకచోట ఈ మాట ఉండాలి: వసంత సరిగ్గానే చూసింది. ఆ సంతకం అసలుదే.