కాళ్లు లేచేదాకా

కాశిబుగ్గ పెద్దమ్మ తలపుకొస్తే ముందు ఆమె పాదాలే కనిపిస్తాయి. మంచం దిగే ముందు అంచున కూర్చుని కాసేపు వాటిని ఆడించేది. ఎవరు పిలిచినా, ఫోన్ మోగినా ఒకటే మాట.

"జర ఆగుండ్రి. నేను లేసిన గని, నా కాళ్లింక లేవలే."

ఆ నిదానం ఆమెకు జారి కింద పడ్డాకే వచ్చింది. బతుకంతా మగ్గం మీద దర్రీలు, అంటే జంపఖానాలు, నేసిన మనిషి. గరుకు షాబాదు బండల మీద ఏనాడూ కదలని దర్రీ, ఇంట్లో టైల్స్ వేయించాక ఆమె కాలు పెట్టగానే జారింది. తుంటి ఎముక విరిగింది. దవాఖాన నుంచి వచ్చాక కూడా ఆమె కొడుకు, మా అన్న, మంచం దిగనిచ్చేవాడు కాదు.

"మళ్ల పడితెనో అమ్మా?"

"పడకుంట జూస్కోవాలె గని, నడకనే బంద్ జేస్తరారా? ఆడకుంటె మగ్గం సుత బిగుసుకపోతది."

ముందు నేల మీది దర్రీలన్నీ తీయించి మంచాల మీదికి ఎక్కించింది. తర్వాత మూలనపడ్డ మగ్గాన్ని విప్పించి, దాని పొడవాటి కర్రను, పట్టుకుని నడిచేందుకు, బాత్రూం దారిలో గోడకు నడుమెత్తున బిగించమంది.

"స్టీలుది తెస్తనే అమ్మా," అన్నాడు అన్న.

"వద్దు. గీ కర్ర నా చెయ్యిని ఎరుగుతది."

ఆ తర్వాతి ఎండాకాలం నేను వెళ్లి తలుపు కొట్టాను.

"జర ఆగు బిడ్డా!"

ఆ మాటకు ఎప్పుడూ విసుక్కునేదాన్ని, ఆ రోజు ఇష్టంగా ఆగాను. లోపల అడుగుల చప్పుడు మెల్లగా దగ్గరైంది. గడియ తీసింది పెద్దమ్మే.

"లేసినయి. దా," అంది.