బాణానికి సెంట్రింగు

ఆ వయసులో కాలు ఒకచోట నిలవదంటారు గానీ, నాకైతే కాలితో పాటు నోరు కూడా నిలిచేది కాదు. ఖతర్‌కు వచ్చాక అది నా రెండో ఎండాకాలం. ముఐథర్‌లో మా కంపెనీ కడుతున్న విల్లాలకు సెంట్రింగు కొట్టడం నా పని. (ఊళ్ళో మా అమ్మ ఇప్పటికీ నేను దుబాయ్‌లో ఉన్నాననే చెబుతుంది. ఖతర్ అంటే దుబాయ్‌లో ఒక మండలమని ఆమె లెక్క.) ఎండకు కాలిన ఇనుప ప్లేట్లు గ్లౌజులు తొడుక్కున్నా చురుక్కుమనేవి. చల్లటి గదిలో కూర్చుని చేసే పని ఏదైనా ఉందంటే చాలు, అది నాకు వచ్చినట్టే అనిపించేది. గల్ఫ్‌కు వచ్చినవాడు మొదట నేర్చుకునే చదువు కూడా అదే. ఎవరైనా "ఈ పని మాలూమ్?" అని అడిగితే ముందు "మాలూమ్" అనాలి, పని తర్వాత నేర్చుకోవాలి. మా క్యాంపులో అలా చెప్పి వెల్డర్లయినవాళ్ళున్నారు, వంటవాళ్ళయినవాళ్ళున్నారు. ఒకాయన ఏకంగా క్రేనే ఎక్కాడు.

మా అరబాబ్‌కు (యజమానిని మేమంతా అలాగే పిలుస్తాం) కట్టడాల కంపెనీతో పాటు అబూ హమూర్‌లో ఆటసామాన్ల దుకాణం కూడా ఉండేది. దాని మేనేజరు మలబారీ ఆయన, దట్టమైన మీసాలు, అందుకని మాకు మీసాల సార్. ఒకరోజు మేమంతా అన్నాలు తింటుంటే ఆయన సైటుకు వచ్చి, విల్లులు చూసుకునే మనిషి సెలవు మీద దేశం వెళ్ళాడని చెప్పి, "తీర్ కమాన్ కిస్కో మాలూమ్?" అన్నాడు, విల్లంబులు ఎవరికి తెలుసని. నోట్లో ముద్ద మింగకముందే నా చెయ్యి పైకి లేచింది. "బచ్‌పన్ సే మాలూమ్, సార్" అన్నాను. పూర్తిగా అబద్ధమేమీ కాదు. చిన్నప్పుడు వెదురుబద్ద వంచి, చీపురుపుల్ల ఎక్కుపెట్టి, ఉట్టి మీదున్న పెరుగు కుండను కొట్టాను. గురి పిల్లి మీద పెట్టాననే సంగతి మీసాల సార్‌కు అనవసరం.

పక్కనే కూర్చున్న బావ నా చొక్కా పట్టి లాగాడు. బావ అంటే మా అక్క భర్త. సెంట్రింగు ఫోర్మన్. నాకు వీసా తీసి ఇక్కడికి రప్పించి, సుత్తి పట్టడం నేర్పింది ఆయనే. "ఏందిరా బామ్మర్ది, చీపురుపుల్లలు ఇసిరినోనివి, నీకేం మాలూమ్?" అన్నాడు చిన్నగా. "నేర్సుకుంట బావా. ఆడ ఏసీ ఉంటది" అన్నాను నేను. ఆయన మజ్జిగ తాగాడు.

దుకాణంలోకి వెళ్ళాక పని ఏమిటో తెలిసింది. అరబాబ్ వారం రోజుల్లో ఆఫ్రికాకు వేటకు వెళ్తున్నాడు. కిందటిసారి జింక ఎదురుగా నిలబడ్డాక, విల్లు మీద ఆనించిన బాణం పక్కకు జారి టంగుమంది. జింక ఒకసారి ఇటు చూసి, తన దారిన తాను పోయింది. బాణం విల్లుకు ఆనుకునే ఆ చిన్న ఊతను రెస్టు అంటారు. ఈసారి మోసం చెయ్యని రెస్టు కావాలి. మీసాల సార్ మూడు రకాలు నా ముందు పెట్టి, వచ్చే శుక్రవారం అరబాబ్ ఇంట్లో చూపించాలన్నాడు. నచ్చితే నేను దుకాణంలో పక్కా. నచ్చకపోతే "యల్లా, సైట్", అంటే పద, సైటుకు.

ఆ వారం రోజులూ నేను కుర్చీలో కూర్చుంటే ఒట్టు. ఏసీ కోసం వచ్చినవాణ్ణి ఏసీలోనే చెమటలు కక్కాను. మొదటి రెస్టుకు రెండు కొమ్ములు, వాటి మధ్య బాణం ఆనుతుంది. కాస్త వంచితే చాలు, దొర్లి కిందపడింది. అదే జింకను పోగొట్టిన రకం. రెండోది సీసాలు కడిగే బ్రష్షును గుండ్రంగా చుట్టినట్టుంది, నడుమ బెజ్జంలో బాణం కూర్చుంటుంది. అంత పెద్ద మనిషికి బ్రష్షు ఇస్తే ఏం బాగుంటుందని పక్కన పెట్టాను. మూడోది అన్నిటికన్నా ఖరీదైనది. బొటనవేలితో లేపితే పైకి లేచి, బాణాన్ని నాలుగువైపులా పట్టుకుంటుంది. దాన్నుంచి సన్నటి తాడొకటి విల్లు తీగలకు కట్టి ఉంది. విల్లును తలకిందులు చేశాను, ఊపాను, దుకాణం చుట్టూ పరుగెత్తాను. (వాలీబాల్ కొనడానికి వచ్చిన ఒకావిడ పిల్లల్ని దగ్గరకు లాక్కుంది.) బాణం కదలలేదు. ఇక ఇదే అనుకున్నాను.

బుధవారం మీసాల సార్ వెనక గోదాములో దానితో ఒక బాణం వేశాడు. సెంట్రింగువాడికి ఒక పాడు అలవాటు ఉంటుంది. స్లాబు పోసేటప్పుడు పైన కాంక్రీటును చూడకు, కింద సపోర్టును చూడు అని బావ నాకు రెండేళ్ళు నూరిపోశాడు. అందుకని బాణం ఎక్కడ తగిలిందో నేను చూడలేదు, రెస్టునే చూశాను. అది కిందకు పడిపోయి ఉంది. లోడు పడగానే కూలిపోయే సపోర్టు. "షాట్ కైసా?" అని సార్ అడిగితే "సూపర్, సార్" అన్నాను చూడకుండానే. అదెందుకు పడింది అని ఆయన్నే అడిగితే సరిపోయేది. కానీ చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు అడిగితే బాగుండదు కదా.

బావకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "లోడు కాడ పడ్డదంటే అది సపోర్టే గాదు. బైండింగు తీగ తీస్కో, ఎనిమిది సుట్లు సుట్టు, కొస లోపటికి మల్పు" అన్నాడు. సైటుకెళ్ళి తీగ తెచ్చి, రెస్టును లేచిన చోటే లేచినట్టు బిగించాను. నా జన్మలో అంత శుభ్రంగా ఏ పనీ చెయ్యలేదు. పట్టి చూస్తే తప్ప కనబడదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం సాయంత్రం అరబాబ్ ఇంటి వెనక ఇసుకలో గురిపెట్టె నిలబెట్టారు. దానికి కాస్త అవతల నీళ్ళ ట్యాంకు. అరబాబ్ విల్లు లాగాడు, నేను గురిపెట్టెను చూడకుండా నా తీగనే చూశాను. బాణం వదిలాడు. టప్పున రెస్టు తాడు తెగింది. తీగ మాత్రం చెక్కుచెదరలేదు, రెస్టు కదలలేదు. భలే అనుకుని తలెత్తేసరికి బాణం తోకకున్న రెండు ఈకలు అరబాబ్ కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి, మిగతా బాణం ట్యాంకులో ఉంది. దాని పక్కనుంచి నీళ్ళు సన్నటి ధారగా కారుతున్నాయి.

అరబాబ్ రెస్టును వేలితో తడిమి చూశాడు. "యే కౌన్ కియా?" అన్నాడు. మీసాల సార్ ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నాడు. "నేనే, సాబ్. యే గిర్తా థా. సపోర్ట్ గిర్నా నహీ" అన్నాను, పడిపోతుంటే కట్టానన్నట్టు. ఆయన చిన్నపిల్లవాడికి చెప్పినట్టు వచ్చీరాని హిందీలో చెప్పాడు. దీని పనే పడిపోవడం. బాణం కదిలిందాకా పట్టుకుంటుంది, కదలగానే తాడు లాగితే పడి దారి ఇస్తుంది. నిలబడి ఉంటే ఈకలు దీనికే తగులుతాయి. అదంతా చెప్పి, "అబ్ బోలో, ఏది తీసుకెళ్ళాలి?" అన్నట్టు చెయ్యి చూపించాడు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. ఇక దాచడానికి ఏమీ లేదు కాబట్టి, ఆ వారంలో మొదటిసారి నాకు తెలిసిన మాటే చెప్పాను. "బ్రష్షుది, సాబ్. దీనికి తాడు తెగుతుంది, అడవిలో దుకాణ్ మాఫీ, కొత్తది దొరకదు. దానిలో తెగడానికేమీ లేదు." ఆయన తలూపి బ్రష్షు బిగించమన్నాడు. నాలుగు బాణాలు వేస్తే నాలుగూ గురిపెట్టెలోనే దిగాయి.

నా ఉద్యోగం నిలబడిందనే అనుకున్నాను. ఈలోపు అరబాబ్ నా తీగ విప్పడానికి డ్రైవరును పురమాయించాడు. ముందు గోళ్ళతో, తర్వాత కత్తితో, చివరికి పటకారుతో అది విడేసరికి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినబడింది. అరబాబ్ ఆ తీగ ముక్కను అరచేతిలో పెట్టుకుని మెచ్చుకోలుగా చూసి, మీసాల సార్‌తో అన్నాడు: "ఈ మనిషి దుకాణంలో ఎందుకు? సైటుకు పంపు. ఇతను కట్టింది పడదు." నా జీవితంలో అంత పెద్ద మెప్పు మళ్ళీ దొరకలేదు. మర్నాడు పొద్దున మళ్ళీ ఎండలో ఉన్నాను.

సంగతి విని బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత, "అవునురా, స్లాబు గట్టివడ్డంక మనం సపోర్టులు ఇప్పుతలేమా? ఇప్పకుంటె ఆ ఇండ్లల్ల ఎవరుంటరు? ఫోన్ల నాకూ యాదికి రాలే" అన్నాడు. రెండేళ్ళుగా నా చేతులతోనే విప్పుతున్న సపోర్టులు నాకూ గుర్తు రాలేదు.

ఇప్పుడు ఆ సైట్లకు నేనే ఫోర్మన్‌ని. "మాలూమ్" అని చేతులెత్తే కుర్రవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది, ఏమీ అనను. మొన్న బావ వీసా వదులుకుని, ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఇక రాడు. నాకేమో ఆ రోజు పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవలేదు. ఆయన సామాను సర్దిన అట్టపెట్టెకు తాడు నేనే కట్టాను. చుట్టుతూనే ఉన్నాను.

"ఇగ సాలురా, ఎనిమిది సుట్లయినయ్. ఆడ మీ అక్క ఇప్పద్దా?" అన్నాడు బావ.

సరేనన్నాను. ఆయన చెప్పులు తొడుక్కోవడానికి అటు తిరగగానే ఇంకొక చుట్టు చుట్టి, కొస లోపలికి మలిపాను.