సదయ్యకు నచ్చని పడవలు

సదయ్యకు ఒకటే పిచ్చి. ఏటా సెలవు వంతు రాగానే పడవ ప్రయాణం ఒకటి ఎంచుకుంటాడు. తీరా బయలుదేరే వారం ఆ పడవకు ఏదో వంక పెట్టి మానుకుంటాడు. ఆయన వంక పెట్టని పడవ ఆంధ్రదేశంలో లేదని గోదావరిఖని బొగ్గుగనుల్లో అందరికీ తెలుసు.

ఎంపిక మాత్రం మహా పట్టుదలగా సాగేది. పెద్ద ఓడలంటే ఆయనకు గిట్టవు. "అవ్వి ఓడలా? నీళ్ల మీద కచేరీలు! పడవంటే చిన్నగుండాలె, గాలి కొడితె పానం గొంతులకు రావాలె" అనేవాడు. బొగ్గుకోసం కోస్తా నుంచి వచ్చే లారీ డ్రైవర్లను ఆపి మరీ ఆరా తీసేవాడు.

"మీ దిక్కు పడవ నడిపే సరంగుకు ఈతొస్తదా?"

"వస్తుందండీ."

"ఎందుకు నేర్సుకున్నడు? పడవ మీద నమ్మకం లేకనా?"

డ్రైవరు సగం టీ వదిలేసి బండెక్కేవాడు.

వంకలు మరీ ఘోరం. మచిలీపట్నం పడవ సరంగుది ఎడమచేతి వాటమట, వద్దన్నాడు. డెబ్బై రెండులో కాకినాడ పడవ. "దానికి మా అత్త పేరు పెట్టిన్రు. ఆమె మీద ఎట్ల కూసుందు?"

సర్దిన సంచీ విప్పుతూ భార్య సారవ్వ అంది: "మా అవ్వ పేరు పెడితె నీళ్లే భయపడి పక్కకు జరుగుతయ్. నువ్వు పోకుంటెనే మంచిది తియ్యి."

అందరికంటే ఎక్కువగా నవ్వింది లింగమూర్తి. గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే గ్యాంగులో ఇద్దరూ కలిసి పని చేసేవారు. డెబ్బై నాలుగులో సదయ్య రాజమండ్రి లాంచీని ఎంచుకున్నాడు, పాపికొండల దాకా. దానికీ వంక దొరికింది, పచ్చరంగు వేశారట. మర్నాడు షిఫ్టు ముందర లింగమూర్తి గని దీపాలిచ్చే ల్యాంపు రూములో నీళ్ల తొట్టి ఒకటి తెచ్చి పెట్టాడు.

"అన్నా, ముందుగాల ఇందుల దిగి ధైర్యం తెచ్చుకో!"

షిఫ్టు షిఫ్టంతా పగలబడి నవ్వింది. సదయ్య కూడా నవ్వాడు, ఆ నీళ్లతోనే ముఖం కడుక్కుని గనిలోకి దిగాడు.

ఆ సాయంత్రమే లింగమూర్తి భార్య పూలమ్మకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగిందన్నారు దవాఖానలో. గ్యాంగులో ఒకసారికి ఒక్కరికే సెలవు. లింగమూర్తి ఉరుకులమీద పోయి సెలవుల గుమస్తా దస్తగిర్ కాళ్లావేళ్లా పడబోయాడు.

"ఫికర్ జెయ్యకు భాయ్. నిన్ననే మంజూరైంది. నీ ఇంటామెకు దినాలు నిండినయని సదయ్య తన పది దినాల వంతు నీకు రాసిచ్చిండు."

"లాంచీ రంగు బాగలేదన్నడు గదా?"

దస్తగిర్ రిజిస్టరు వెనక్కి తిప్పాడు. "పోయినేడు మీ గ్యాంగు ఆగయ్య అవ్వ సచ్చిపోతె ఆగయ్యకిచ్చిండు. అంతకుముందేడు, ఇగో, నీ పెండ్లికి. ఎవలకు చెప్పొద్దని నాతోటి ఒట్టేయించుకున్నడు. పాపం, ఎండకాలం దాటితె రిటైరు. ఇదే ఆఖరు వంతు."

కాకినాడ పడవ తన పెళ్లిపందిరి కింద మునిగిందని లింగమూర్తికి అప్పుడు తెలిసింది. ఆ తొట్టి తలుచుకుంటే తనే అందులో తల ముంచుకోవాలనిపించింది.

రెండోరోజు తెల్లారి పూలమ్మకు ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. సంగతంతా విని పూలమ్మ మంచంలోంచే కసిరింది. "నాకు మా అవ్వున్నది. మిగిలిన ఎనిమిది దినాలు గాయినకు రాసిచ్చి నువ్వు డ్యూటీకి పో. ఇంక నాకాడ కూసున్నవంటె నాకు సిగ్గయితది."

లింగమూర్తి మంజూరు కాగితం పట్టుకుని సదయ్య గుమ్మంలో తలొంచుకుని నిలబడ్డాడు.

"అన్నా, తప్పయింది."

"ఏం తప్పురా? ఆ లాంచీకి పచ్చరంగు..."

"అన్నా!"

సదయ్య ఇంకో వంక వెతికాడు, దొరకలేదు. సారవ్వ సంచీ భుజాన వేసుకుంది. "ఇగ లాంచీకి తోక మొలిచినా సరే, నడువు!"

ఎనిమిది రోజులు సదయ్య పని కూడా లింగమూర్తి తనే చేశాడు, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. తొమ్మిదో రోజు బస్సు దగ్గరికి ఎదురెళ్లాడు.

"అన్నా, పాపికొండలు ఎట్లున్నయ్?"

సారవ్వే చెప్పింది.

"ముందర పలకమీద మంచి జాగ దొరికింది. ఇంతల ఎవలో ముసలామె వచ్చింది. పలక గుచ్చుకుంటున్నదని లేసి, జాగ ఆమెకిచ్చి, పోంగ రాంగ ఇంజిను కాడనే కూసున్నడు!"

"మరి ఏం జూసినవే అన్నా?"

"ఇంజిన్ జూసినరా" అన్నాడు సదయ్య, సిగ్గుపడిపోతూ. "ఏ వంకా లేదు. మస్తు ఇంజిన్!"