బస్సు వెనక ఏడ్చిన పిల్లాడు

అతన్ని వీధిలో అందరూ బస్సుబాబు అంటారు. యాభై దాటి, జుట్టు సగం ఊడి, బండి సీట్లకు కవర్లు కుట్టుకుని బతికే మనిషిని ఇంకా బాబు అనడమేమిటని ఎవరికీ తోచదు. చిన్నప్పుడొక సినిమాలో, అమ్మ ఎక్కి వెళ్ళిపోతున్న బస్సు వెనక ఏడుస్తూ పరుగెత్తాడు. ఆ పేరు అప్పటిది.

నిజానికి ఆ సినిమా విడుదలైనప్పుడు హాల్లో కుర్చీలు తప్ప మనుషులు లేరు. నిర్మాత నెత్తిన గుడ్డేసుకున్నాడు. బాబుకు మీసాలొచ్చాయి, గొంతు మారింది, ఇక ఎవరూ పిలవలేదు. తీరా ఇన్నేళ్ళకు, అప్పటికి పుట్టనైనా పుట్టని కుర్రకారు దాన్ని ఫోన్లలో చూసి నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఏడుపు మొహాన్ని చొక్కాల మీద అచ్చేయించుకుని తిరుగుతున్నారు. షాపుకొచ్చి, "అంకుల్, ఒక్కసారి అలా ఏడవండి, వీడియో తీసుకుంటాం" అంటారు. జిగురు రాసిన రెగ్జిన్ చేతిలో ఆరిపోతుంటే ఎవడికి ఓపికుంటుంది ఏడవడానికి?

అందుకే ఆ సినిమా మీద డాక్యుమెంటరీ తీస్తున్నామంటూ ఒక అమ్మాయి వచ్చినప్పుడు అతను తల కూడా ఎత్తలేదు. ఆ అమ్మాయి కదిలితేనా! స్టూలు లాక్కుని కూర్చుంది.

"సార్, ఆ సీన్లో మీది నిజం ఏడుపేనట కదా. మీ అమ్మగారు మిమ్మల్ని వదిలి వెళ్ళిపోతున్నారని నమ్మించారట."

అతను కుట్టు మిషను ఆపాడు.

"మొదటిసారి నిజమేనమ్మా. సినిమాలో ఉన్నది రెండోసారి తీసింది. అది నటన."

ఈ మాట చెప్పాలని అతనికి ఎన్నేళ్ళుగానో ఉంది, అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. జరిగింది ఇదీ. డైరెక్టరు పిల్లాడికి చెప్పకుండా అమ్మను బస్సెక్కించాడు. పిల్లాడు గుండెలు పగిలేలా ఏడుస్తూ పరుగెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత కెమెరా అసిస్టెంటు, తీసిన రీలున్న డబ్బా ఏదో ఖాళీ డబ్బా ఏదో చూసుకోకుండా మండుటెండలో మూత తెరిచి కొంప ముంచాడు. తీసిందంతా వెలుతురు తగిలి పోయింది. గుట్టు తెలిసిన పిల్లాడు మళ్ళీ మోసపోడు గదా. డైరెక్టరు కాసేపు తల పట్టుకుని కూర్చుని, చివరికి పిల్లాడి దగ్గరికే వచ్చి, "ఏడవగలవా నాన్నా?" అన్నాడు. పిల్లాడు తలూపాడు. ఈసారి బస్సులో వేరే ఆవిడెవరో ఎక్కింది. అమ్మ కెమెరా పక్కనే కూర్చుని ఉంది. ఎదురుగా కనిపిస్తున్నా, బస్సులోనే ఉందనుకున్నాడు. అలా అనుకుని ఏడ్చాడు. తన బతుకులో గొప్ప పని ఏదైనా చేసి ఉంటే అదొక్కటేనని అతని నమ్మకం.

"ఆ రోజు అక్కడున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?" అంది అమ్మాయి.

డైరెక్టరు పోయాడు. అసిస్టెంటు ఏమయ్యాడో తెలీదు. "మా అమ్మ ఉంది" అన్నాడు.

అమ్మకు చూపు సరిగా ఆనదు, మోకాళ్ళు మాట వినవు, నోరు మాత్రం భేషుగ్గా ఉంది. లైట్ల ముందు కూర్చోబెడితే పూసగుచ్చినట్టు చెప్పింది. బస్సెక్కిన సంగతి దగ్గర ఏడ్చింది. "తల్లినై ఉండి ఒప్పుకున్నానమ్మా, బుద్ధి లేక." కళ్ళు తుడుచుకుని, "రెండోసారి మాత్రం వీడు నటించాడు. నన్ను చూస్తూనే, నేను లేనట్టు ఏడ్చాడు. నాకే భయమేసింది" అంది. గుమ్మంలో నుంచున్న బాబు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతనికి పట్టరాని సంతోషమేసింది.

డాక్యుమెంటరీ వేసిన రోజు హాలు నిండింది. అమ్మను మెట్లెక్కించి కూర్చోబెట్టేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. తెర మీద అమ్మ వచ్చింది. "బుద్ధి లేక" అని ఏడ్చింది. అక్కడితో ఆపి, బస్సు సీను వేశారు. హాల్లో ముక్కులు ఎగబీల్చిన చప్పుడు.

"తర్వాత ముక్క ఏదిరా?" అంది అమ్మ పైకే. "నేను ఇంకా చెప్పాను గదా. అది వెయ్యమను."

"ఊరుకో అమ్మా" అని ఆవిడ చెయ్యి నొక్కాడు.

అయిపోయాక అతని చేతికి మైకిచ్చారు.  ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాడు?

"అది నటన అండీ. అప్పుడు మా అమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. కెమెరా పక్కనే ఉంది. నేను నటించాను."

హాలంతా లేచి నుంచుని చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుంటూ, "చూశారా, ఇప్పటికీ తల్లి మీద మాట పడనివ్వడు" అంది. డాక్యుమెంటరీ అమ్మాయి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది.

"మీరిద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నారని నాకు అర్థమైంది సార్. అందుకే ఆ ముక్క పెట్టలేదు."

మంచి పిల్ల.  "సరేనమ్మా" అన్నాడు.

ఇంటికి వెళ్ళే టాక్సీలో అమ్మ అతని వైపు తిరిగింది.

"నమ్మలేదురా వాళ్ళు."

"ఊఁ."

"పోనీలే. నేను చూశాను గదా. నటించావు నువ్వు."

అతను ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఇప్పుడా కళ్ళకు అతని మొహం కూడా మసగ్గానే కనిపిస్తుంది. ఈవిడ పోతే ఆ మాట అనేవాళ్ళు ఇంకెవరూ ఉండరని తోచి, అతనికి నిజంగా భయమేసింది.

"ఎలా ఏడ్చానో చెప్పమ్మా" అన్నాడు.