పేర్లు పడిపోనీ

మా అమ్మ పుణ్యమా అని చిన్నప్పుడు నేను ఒక్క సినిమా కూడా మొదటినుంచి చూడలేదు. బంగారు గనుల పక్కనుండే ఆండర్సన్‌పేటలో ఇంటికాడ బయలుదేరి, ఎండలో హాలు దాకా నడిచి, టికెట్లు తీసుకొని, లోపల ఆట మొదలైనాక కూడా ఆమె బయటే నిలబడేది. వేరుశెనక్కాయలు కొనేది. బాగుండే జడను విప్పి మళ్ళీ అల్లేది. లోపల మ్యూజిక్ మోగుతా ఉంటే నా కాళ్ళు నిలిచేవి కావు. చెయ్యి పట్టి లాగితే, "ఉండవే, పేర్లు పడిపోనీ" అనేది. మరుసటి రోజు బళ్ళో పిల్లలు పేర్లు మంటల్లోనుంచి వచ్చినాయి, నీళ్ళల్లోనుంచి వచ్చినాయి అని చెప్పుకుంటా ఉంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

అందుకేనేమో, పెద్దయినాక నాకు పేర్ల పిచ్చి పట్టుకునింది. మా జిల్లాలోనే ఉండే నరసాపురంలో ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయి వచ్చే కంపెనీ బస్సులో అందరూ తలలు వాల్చి నిద్రపోతా ఉంటే నేను ఫోన్లో సినిమాల మొదట్లో పడే పేర్లు మాత్రం చూసేదాన్ని. పేర్లు అయిపోతానే సినిమా ఆపేసి ఇంకొకటి పెట్టేదాన్ని. పాత కంప్యూటర్ ఒకటి కొని, అక్షరాలను కదిలించే పని, అదే మోషన్ గ్రాఫిక్స్, నాకు నేనే నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలతో ఆ పని చేస్తే తెలుస్తుంది తిప్పలు. ఒక్కో అక్షరం విడిగా ఎగిరి రావాలని పెడితే అక్షరం ఒక పక్క, దాని ఒత్తు ఇంకో పక్క పోతాయి. ఒత్తును పట్టుకొచ్చి అక్షరం కింద కూర్చోబెట్టేసరికి నా ఓపిక చచ్చిపోయేది.

బెంగళూరులో ఒక చిన్న స్టూడియోవాళ్ళు పనికి మనుషులను వెతుకుతా ఉండారని తెలిసి రాసినాను. హక్కుల గడువు తీరిపోయిన పాత సినిమా ఏదైనా తీసుకో, దాని పేర్లను కొత్తగా చేసి సోమవారానికి పంపు అన్నారు. ఒక నలుపు తెలుపు సినిమా దొరికింది. ఆదివారం మధ్యాహ్నానికి పదకొండు రకాలుగా చేసినాను. ఒకటీ నచ్చలేదు. లేస్తాను, కూర్చుంటాను, నీళ్ళు తాగుతాను, మళ్ళీ లేస్తాను. పన్నెండోది కొంచెం కుదిరింది. నల్లటి తెర, మిందినుంచి తెల్లటి పేరు ఒకటి టక్కుమని పడుతుంది, దాని కింద ఇంకొకటి.

నిజం చెప్తాను, స్టూడియోవాళ్ళు ఏమంటారని నాకు అంత బెంగ లేదు. అమ్మ ఒక్కసారి కూర్చొని చూడాల. తొంభై సెకన్లు. అంతే నాకు కావాల్సింది.

రాగులు చెరుగుతా ఉండే ఆమె ముందరికి కంప్యూటర్ తిప్పినాను. ఒక పేరు పడింది. రెండోది పడింది. మూడోది పడతానే చాట పక్కన పెట్టి లేచింది.

"పొయ్యి మింద పప్పు ఉండాది."

పొయ్యి ముట్టించనే లేదు. నాకు యాడలేని కోపం వచ్చింది. "పక్కింటోళ్ళ పెండ్లి వీడియో మూడు గంటలు కదలకుండా చూసినావు. కన్నకూతురు చేసింది తొంభై సెకన్లు చూడలేవా? నా పనంటే నీకు అంత అలుసా?" అని నోటికొచ్చినట్టు మాట్లాడినాను. చిన్నప్పటి హాలు బాకీ కూడా కలిపి దులిపేసినాను.

అమ్మ వంటింటి గడప మింద కూర్చునింది. తరవాత నా పక్క చూడకుండానే చెప్పింది.

"నువ్వు పుట్టకముందు. ఒకరోజు పొద్దున ఏర్ బ్లాస్ట్ అయింది."

భూమి లోపల బండ పగిలితే మిందుండే ఇండ్లలో గిన్నెలు గడగడమని కింద పడతాయి. దాన్ని మా వాళ్ళు ఏర్ బ్లాస్ట్ అంటారు. గని మూసేసి ఇన్నేండ్లయినా ఆ మాటకు ఇప్పటికీ ఊర్లో పెద్దోళ్ళు మాట్లాడేది ఆపేస్తారు.

"ఆడోళ్ళమంతా గనిలోకి దిగే షాఫ్ట్ కాడికి పరిగెత్తినాము. గేటు కాడ నల్లబోర్డు. లోపలినుంచి కబురు వచ్చేకొద్దీ గుమాస్తా సుద్దతో ఒక్కో పేరు రాస్తాడు. మాకు చదువు రాదు. ముందర నిలబడినోళ్ళు చదివి, ఫలానావాడి పేరు పడింది అని వెనక్కి చెప్తారు. పేరు పడిందంటే ఇంగ లేనట్టే. మీ నాయన పేరు పడింది. నేను మట్టిలో పడి పొర్లినాను. పక్కనుండే ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకొని నీళ్ళు తాపించింది. కాసేపటికి మీ నాయన నడుచుకుంటా బయటికి వచ్చినాడు. పేరు అదే, మనిషి వేరే. నేను నవ్వినాను పాపా. గట్టిగా నవ్వినాను. ఆ పేరు ఆమె మొగుడిది. నేనింకా ఆమె ఒళ్ళోనే ఉండాను."

ఇంట్లో ఉండలేక బయటికి పోయినాను. ఆటో స్టాండు దాకా నడిచినాను, తిరిగి వచ్చినాను, మళ్ళీ పోయినాను. అన్ని మాటలు అన్నందుకు సిగ్గుతో తల ఎత్తలేకపోయినాను. ఇంటికి వచ్చి పన్నెండూ తీసి పారేసినాను.

కొత్తగా చేసిన దాంట్లో ఏ పేరూ మిందినుంచి పడదు. అన్నీ చీకట్లో కిందినుంచి మెల్లగా పైకి వస్తాయి, వెలుతురులో వరసగా నిలబడతాయి. ఆఖరిది వచ్చేదాకా ముందొచ్చిన ఏ పేరూ పోదు. సాయంత్రం దీపం పెట్టి వచ్చి అమ్మ వాకిలి కాడ నిలబడింది. నేను పిలవలేదు.

"ఇవి పడేవి కావమ్మా, పైకి వచ్చేవి" అన్నాను.

నిలబడే చూసింది. చెయ్యి మాత్రం వాకిలి చట్రాన్ని గట్టిగా పట్టుకొని ఉండాది. ఆఖరి పేరు వచ్చి నిలబడినాక అడిగింది.

"కింద ఇంగెవురూ లేరా?"

"లేరు."

"బాగా చూసి చెప్పు."

నాకు మొగం చెల్లలేదు. పాత ప్రింటులో ఆఖరి వరస గీతలు పడి అరిగిపోయి ఉండాది. షూటింగులో దీపాలు పట్టినాయనో, బట్టలు కుట్టినాయనో తెలీదు, పేరులో నడిమి రెండక్షరాలే మిగిలి ఉండాయి. చదివేదానికి రాదు, చూసేదానికి బాగుండదు అని నేనే తీసేసినాను.

"ఒకాయన ఉండాడమ్మా. పేరు సరిగ్గా తెలీదు. రెండక్షరాలే కనపడతాయి."

అమ్మ వచ్చి నా పక్కన కింద కూర్చునింది.

"ఆ రెండే పైకి తే. అందాకా నేను యాడికీ పోను."